పక్కన పెట్టిన ఆసు

మొన్న మా మనవరాలు హాస్టలు నుంచి సెలవులకు వచ్చి, మంచం మీద పేకముక్కలు పరిచి, "అవ్వా, నీకో కొత్త ఆట నేర్పిస్తా. దీంట్లో చిన్న ముక్కలున్నవాళ్లే గెలుస్తారు" అంది. ఆ ఆట నాకు తెలుసని చెప్పలేదు. బుద్ధిగా వింటూ కూర్చున్నాను. "ఆసును ఒకటి కింద లెక్క పెట్టాలి" అన్న మాట దగ్గర మాత్రం మంచినీళ్ల వంకతో వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఆ ఆటను పలమనేరులో మా ఇంటికి తెచ్చినవాడు మా చిన్నమామ, అమ్మ తమ్ముడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక పటాలం నుంచి వస్తూ ఒక కంబళీ, పూటపూటకూ టీ తాగే అలవాటు, తెల్ల సిపాయిల దగ్గర నేర్చుకున్న ఈ తలకిందుల ఆట తెచ్చాడు. అప్పటికి నేను ఎనిమిదో తరగతి ప్యాసై, చిత్తూరులో టీచరు ట్రైనింగుకు పోతానని ఏడుస్తున్నాను. నాయనేమో ఐరాల సంబంధానికి మాటిచ్చే తొందరలో ఉన్నాడు. నేను అన్నం మానేసినా కరగలేదు, అమ్మ బతిమాలినా వినలేదు. ఆయన లొంగేది ఒక్క పేకకే. అది తెలిసిన మామ ఒక ముసురు మధ్యాహ్నం కదిపి చూశాడు. "బావా, పాపతో ఒక్క ఆట ఆడు. అది గెలిస్తే సదువుకు పంపాల. నువ్వు గెలిస్తే నేనే ఐరాలకు పొయ్యి తాంబూలాలు ఇచ్చొస్తా."

నాయన పడీపడీ నవ్వాడు. "సరే కానీ. మనింటి పద్ధతి మాత్రం మారకూడదు. ముక్క దించినాక ఎత్తేది లేదు" అన్నాడు. ఆ పద్ధతి ఆయన పెట్టిందే. ఒకసారి మా పెదనాయన పొరపాటున దించిన ముక్కను వెనక్కి తీసుకోబోతే చేయి పట్టుకున్నాడు. అన్నదమ్ములిద్దరూ ఆరు నెలలు మాట్లాడుకోలేదు.

మామ ఆట వివరించాడు. మనిషికి ఏడు ముక్కలు. మొదటి రెండూ చివరిదీ బోర్లించి, నడిమి నాలుగూ తెరిచి. ఏడింట్లో అయిదు ఏరి దించాలి. జత పడితే చెడ్డ. ఎవరి అయిదింట్లో పెద్దముక్క చిన్నదో వాళ్లది గెలుపు. "కడమ ఆటల్లో మాదిరి పెద్దది కాదు, ఆసు ఈడ ఒకటే, అన్నిటికన్నా చిన్నది" అని మామ చెబుతున్నప్పుడు నాయన ఆకువక్క ఉమ్మడానికి వాకిట్లోకి వంగి ఉన్నాడు. అది నేను చూశాను.

నా ముందు మొదట రాణి తెరుచుకుంది. తరవాత ఎనిమిది, మళ్లీ ఎనిమిది. నాయన ముందు వరసగా రెండు, నాలుగు, ఆరు. ఐరాల నాకు కళ్ల ముందే కనిపించింది. ఆఖరి తెరుపుకు నాకు మూడు, ఆయనకు రాజు వచ్చాయి. బోర్లించిన చివరి ముక్క ఎత్తి చూస్తే ఆరు. దాచుకున్న నాలుగూ అయిదూ కలిపి ఏరితే నా అయిదింట్లో పెద్దది ఎనిమిది.

నాయన తన చివరి ముక్క చూసి మొహం చిట్లించాడు. "ఆసు. ఇప్పుడే రావాల్నా ఇది" అంటూ దాన్ని రాజు పక్కకు నెట్టేసి, రెండు, నాలుగు, ఆరు, దాచుకున్న ఏడు, తొమ్మిది దించాడు. తొమ్మిది తీసి ఆసు పెడితే పెద్దది ఏడే అయ్యేది. నేను ఓడిపోయేదాన్ని. మామ వైపు చూశాను. ఆయన పైకప్పులో ఎక్కడ కారుతోందా అని వెతుకుతున్నాడు. చెప్పలేదు. నా ముక్కలు దించాను.

"ఎవురిదప్పా?" అన్నాడు నాయన.

"పాపదే బావా" అన్నాడు మామ, ఇంకా పైకే చూస్తూ.

నాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "అన్న మాట అన్నదే. పో పాపా, సదువుకో."

చదువుకున్నాను, ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పాను. నాయన మాత్రం సంతలో కనబడిన ప్రతివాడితోనూ, "నన్నే పేకలో ఓడగొట్టి సదువుకునింది నా బిడ్డ" అని మురిసిపోయేవాడు. విన్న ప్రతిసారీ, ఎవరైనా ఆసు సంగతి అడుగుతారేమోనని నా ప్రాణం గిలగిలలాడేది. ఎవరూ అడగలేదు. మళ్లీ ఆ మధ్యాహ్నం వస్తే మళ్లీ నోరు మూసుకునే ఉంటాను, అందులో నాకు సందేహం లేదు. అయినా ఆయన మంచం పట్టిన చివరి రోజుల్లో చేయి పట్టుకుని కూర్చుని చెప్పేద్దామని రెండుసార్లు గొంతు సవరించుకున్నాను. రెండుసార్లూ, దుప్పటి కావాలా నాయనా అని అడిగాను.

నీళ్లు తాగి వచ్చేసరికి మనవరాలు ముక్కలు పంచేసి నా కోసం చూస్తోంది. కాలానిదీ మా నాయన పద్ధతే, దించినాక ఎత్తేది లేదు.