ఒకే సీసాలో రెండు మందులు

ఎనభైల మొదట్లో నేను అనంతపురంలో ఒక ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా ఉండినాను. ఎండాకాలంలో మత్తుకు పీల్పించే ఈథర్ సీసా మూత తీస్తే సగం గాలికే పోయేది. అందుకని చిన్న పనులకు ఎక్కువగా కెటమిన్ సూదే వేసేవాళ్లం. దానికి పెద్ద మిషన్లు అక్కరలేదు. రోగి కళ్లు తెరిచే ఉంటాడు, ఊపిరి దాని పాటికి అది ఆడతా ఉంటుంది, నొప్పి మాత్రం తెలియదు.

ఒకసారి ధర్మవరం నుంచి ఒకామె వచ్చింది. పట్టుకు రంగు వేసేచోట మరిగే నీళ్లు పడి కుడిచేయి మోచేతి దాకా కాలింది. కట్టు విప్పి, చచ్చిన చర్మం తీసి, మళ్లీ కట్టాల. మొదటి రోజు సూది వేసినాక పని చక్కగానే జరిగింది. మెలకువ వచ్చేటప్పుడు మాత్రం ఆమె వణకడం మొదలుపెట్టింది. నా చేయి పట్టుకుని పైకప్పు వైపే చూస్తా ఉండిపోయింది.

"ఏమక్కా, ఏమైంది?" అన్నాను.

"నేను ఆ పైన ఉండా. కింద పండుకున్న మనిషిని చూస్తాండా. అది నేనే. దిగేదానికి దోవ లేదు."

తర్వాతి కట్టు రోజు, మగ్గం నేసే ఆమె భర్త నా దగ్గరికి వచ్చినాడు. "డాక్టరమ్మా, ఆ సూది వద్దంటాది. నొప్పి ఓర్చుకుంటాదంట. ఊరికే కట్టు కట్టండి."

మత్తు లేకుండా ఆ చేతిని ముట్టుకునే ధైర్యం నాకు లేదు. మా పెద్ద డాక్టరుగారి దగ్గరికి పోయినాను. ఆయన కూర్చున్న గదిలోనే నర్సమ్మ ఉతికిన గ్లౌజులకు పౌడరు చల్లి జతలు కడతాంది. అంతా విని, ఆయన ఎడమచేతి గ్లౌజు ఒకటి తీసి నాకిచ్చినారు.

"కుడిచేతికి తొడుగమ్మా."

బొటనవేలు తప్పు వైపుకొచ్చింది.

"నీ కెటమిన్ సీసాలో కూడా ఇట్లే రెండు రకాల అణువులుండాయి. అవే పరమాణువులు, అంతే బరువు. ఒకటి ఇంకొకదానికి అద్దంలో బొమ్మ. ఫ్యాక్టరీలో తయారుచేస్తే రెండూ సగం సగం పుడతాయి. బయటి దేశాల్లో వాటిని విడదీసి మనుషులకిచ్చి చూసినారు. ఒకటి కొంచెంతోనే బాగా మత్తిస్తాది, లేచేటప్పుడు అంత కలవరపెట్టదు. రెండోదానితో మత్తు తక్కువ, కలవరం ఎక్కువ."

"అయితే ఆమెను భయపెట్టింది ఆ రెండోదేనా సార్?"

"అట్ల తేల్చి చెప్పలేం. మొదటిదీ కలలు తెప్పిస్తాది. విడదీసిన మందు మనకు దొరకదు. ఉన్నదాన్నే జాగ్రత్తగా వాడుకోవాల."

గ్లౌజు తీసి నర్సమ్మకిచ్చినాను. కాలేజీలో అద్దపు బొమ్మల అణువులను పరీక్ష కోసం బట్టీపట్టినదాన్నే. అవి మనిషి లోపల ఇంత పని చేస్తాయని అనుకోలేదు. ఒక్క కార్బన్ చుట్టూ నాలుగు కొమ్మలు ఏ వరసలో ఉన్నాయన్నదే తేడా. ఏ సూక్ష్మదర్శినిలోనూ కనపడని ఆ తేడాను మెదడు గుర్తుపడతాంది. మన ఒంట్లో అంత లోతున, మనకు తెలియకుండా, కుడిఎడమల ఎరుక ఉండాదన్న మాట.

వార్డుకు పోయి ఆమె పక్కన కూర్చున్నాను. మందు ఎట్లాంటిదో చెప్పి, ఈసారి ఏం చేస్తానో కూడా చెప్పినాను. ఆమె అంతా విని, "లేచేటప్పుడు మా ఆయన పక్కనుండాల," అంది.

ముందుగా కలవరం తగ్గించే డయాజిపామ్ ఇచ్చినాను. కెటమిన్ తగ్గించినాను. వెలుతురు, చప్పుడు ఉంటే కలవరం పెరుగుతాదని, పని అయినాక కిటికీలకు దుప్పట్లు కట్టించి, ఎవరూ మాట్లాడకుండా చూసినాను. భర్త స్టూలు మీద కూర్చుని ఆమె మంచి చేతిని పట్టుకున్నాడు. ఆమె కనుగుడ్లు అటూ ఇటూ కదులుతా, నెమ్మదిగా ఒకచోట నిలిచినాయి.

"ఈడనే ఉండావా?" అంది.

"ఈడనే," అన్నాడు ఆయన.

ఆమె నీళ్లడిగింది. మిగిలిన కట్లన్నీ అట్లే సాగినాయి. చేయి మానింది, వేళ్లు ముడుచుకుపోలేదు. వాళ్లు బస్సెక్కి వెళ్లిపోయినాక కూడా నేను చాలా ఏళ్లు ఆ సూది వేస్తానే వచ్చినాను. తెలివి ఎట్లా పోతాదో, ఎట్లా తిరిగొస్తాదో చదివినకొద్దీ నా ఆశ్చర్యం పెరిగిందే గానీ తగ్గలేదు.