సాలె అన్న మాట

నల్లగొండ కాలేజీ గుమాస్తా నా దరఖాస్తును వెనక్కి నెట్టేశాడు. "నువ్వు బట్టల సౌకారు బిడ్డవు. వెనుకబడిన కులాల సీటు నీకెట్లొస్తదమ్మా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. సౌకారట! పక్కనే నిలబడ్డ మా బాపు అంగీకి రెండు గుండీలు లేవు. మోత్కూర్‌లో మాకున్న ఆస్తి అంతా కలిపి ఒక గుంట మగ్గం, దాని మీద సగం నేసిన చీర. కానీ నా బడి కాగితంలో తండ్రి వృత్తి 'బట్టల వ్యాపారం' అని ఉంది, కులం గడి ఖాళీగా ఉంది. నాలుగు రోజుల్లో తహసీల్దారు పత్రం తేవాలి. లేకపోతే సీటు రాదు, హాస్టల్ రాదు, నా చదువు అక్కడితో సరి.

బస్సులో బాపును నిలదీశాను. "గిట్ల ఎవరు రాసిండ్రు బాపూ?"

అప్పుడు చెప్పాడు బాపు. నన్ను బళ్ళో వేసిన నాటికి, యాభైల మొదట్లో, బడి దఫ్తరులో రాతకోతలన్నీ ఉర్దూలోనే నడిచేవి. పేర్లు రాసుకునే మున్షీ "ఆప్ లోగ్ కౌన్?" అని, అంటే మీరెవరని, అడిగితే బాపు చేతులు కట్టుకుని ఉన్నమాట చెప్పాడు: "సాలె." మున్షీ కుర్చీ వెనక్కి తన్ని లేచాడట. ఉర్దూలో 'సాలే' అంటే తిట్టు కదా! తన కులం పేరు చెప్తే ఈయనకెందుకింత కోపమో తెలియక బాపు బిత్తరపోయి చూస్తుంటే, వెనక నుంచి ఎవరో "కపడా సాబ్, కపడా!" అని సర్దిచెప్పారు. మున్షీ బట్టల వ్యాపారమని రాసి పంపేశాడు.

నాకు నవ్వాగలేదు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాక కోపమొచ్చింది. "ఒక్కపారన్న పోయి దిద్దియ్యాలె గద!"

"మున్షీని తిట్టినోని బిడ్డ అని నిన్ను బళ్ళెకెల్లి ఎల్లగొడ్తరని భయపడ్డ బిడ్డా. గందుకే గా మాట మల్ల ఏ దఫ్తర్ల తియ్యలే."

ఇన్నేళ్ళు! దవాఖానలో కూడా 'బట్టల పని' అనే చెప్పేవాడు. నా కోసం ఇంత భయం కడుపులో పెట్టుకున్న మనిషి మీద కేకలేసినందుకు సిగ్గేసింది.

మర్నాడు తహసీల్దారు దగ్గరికి పోయాం. ఆయనా ఉర్దూ మనిషే, తెలుగు బాగానే వచ్చు. "గీడ వ్యాపారం అని ఉన్నది. నేనెట్ల నమ్మాలె?" అన్నాడు. నేను నోరు తెరవబోతే బాపు చెయ్యి అడ్డం పెట్టాడు.

"కోపం జెయ్యొద్దు సాబ్, తిట్టు గాదు. మా కులం పేరే గది. సాలెలం. నేను నేసేటోన్ని."

ఆయన కోప్పడలేదు, నవ్వనూ లేదు. "రుజువేంది?" అన్నాడు.

తహసీల్దారు బల్ల మీద పరిచి ఉన్న చేనేత గుడ్డను బాపు వేళ్ళతో తడుముకుంటూ పోయి నడుమ ఒకచోట ఆగాడు. "గీ గుడ్డ ఇద్దరు నేసిండ్రు సాబ్. గీడిదాంక ఒకరు, గీడికెల్లి ఇంకొకరు. దెబ్బ మారింది." పోగును దగ్గరికి కొట్టే దెబ్బ మనిషి మనిషికీ వేరుగా ఉంటుంది. తహసీల్దారు అక్కడే వేలుపెట్టి రుద్దాడు. నేనూ రుద్దాను. ఇద్దరికీ ఏమీ తెలియలేదు.

"సౌకారైతే ధర చెప్పెటోడు," అని ఆయన కలం తీశాడు. అబ్బ, మా బాపు! ఇంత విద్య ఉన్న మనిషి ఇన్నాళ్ళూ నాతో ఒకే కంచం ముందు కూర్చున్నాడా అనిపించింది.

గడువు చివరి రోజున కాలేజీ వరండాలో వరుసలో నిలబడ్డాం. మా వంతు వచ్చేసరికి, చదువురాని బాపు ఆ పత్రం పట్టుకుని "ఏం రాసిండు బిడ్డా?" అన్నాడు.

"కులం సాలె, వృత్తి నేత," అన్నాను గొంతు తగ్గించి.

"జర గట్టిగ సదువు."

ఈసారి వరండాలో ఉన్న తండ్రులూ పిల్లలూ తిరిగి చూసేలా చదివాను. గుమాస్తా చెయ్యి చాపాడు. "ఇయ్యమ్మా, విన్నం. సీటు నీదే."

బాపు పత్రం వదల్లేదు.

"జర ఆగుండ్రి సార్," అన్నాడు. "ఇంకోపారి సదువు బిడ్డా."