గట్టి నరం

డెబ్భైల్లో డుంబ్రిగుడ దగ్గర నేను కాంపౌండరుగా పనిచేసేటప్పుడు, మా డాక్టరుగారు రోగి మణికట్టు దగ్గర నాడి కొట్టుకునే నరాన్ని వేలికింద దొర్లించి చూడందే స్టెతస్కోపు అందుకునేవారు కాదు. ఒక సంతరోజు ఉప్పు షావుకారు గుండెల్లో పట్టేసిందంటూ వచ్చాడు. డాక్టరుగారు చాలాసేపు వేలు తీయలేదు.

"నరం గట్టిగా ఉంది," అన్నారు.

షావుకారు నవ్వుతూ లేచాడు. "గట్టిదే బాబూ, బస్తాలు మోసినోణ్ని. బేగి గేసు మందిచ్చీండి."

డాక్టరుగారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. "గట్టి అంటే బలం కాదు. ఎండు తీగలా బిరుసెక్కింది. గుండె నరాలూ ఇలాగే పూడిపోతున్నాయేమో. విశాఖ వెళ్లాలి, మా ఆసుపత్రి జీపెక్కండి."

"సంతలో ఉప్పెవుడు సూత్తాడు?"

"నేను చూస్తాను."

"మీరేటి కొలుత్తారు బాబూ," అంటూనే అతను జీపెక్కాడు.

సాయంత్రందాకా డాక్టరుగారు సంతలో ఉప్పు కొలిచారు. షావుకారు బతికాడు. కొలత ఎక్కువేశారని వచ్చాక గొణిగాడు.