గట్టు మీద పికప్పు, నాలుగంగుళాల నమ్మకం

2023 వర్షాకాలం. విజయవాడ ఆటోనగర్‌లో మా సస్పెన్షన్ వర్క్‌షాపు ముందు ఒక ఫోర్ వీల్ డ్రైవ్ పికప్పు వచ్చి ఆగింది. చక్రాల మీద నల్లమట్టి ఎండి అట్టలు కట్టింది. బండి దిగిన సుజాత గారు కృత్తివెన్ను వైపు రొయ్యల చెరువులు చేసే రైతు. నడిపినవాడు ఆమె మరిది కిరణ్.

కిరణ్ దిగుతూనే ఆర్డరు వేశాడు. "ముందూ వెనకా నాలుగంగుళాలు లిఫ్ట్ వేసేయండి. బండిని చూస్తే గట్టే భయపడాలి!"

సస్పెన్షన్ లిఫ్ట్ అంటే స్ప్రింగులకు అదనపు ఎత్తు ఇచ్చి చాసిస్‌ను, దాని మీది బాడీని పైకి లేపడం. వీడియోలు చూసి వచ్చే కుర్రవాళ్లందరి కోరికా ఇదే. ఎందుకు అని అడిగితే జవాబు సుజాత గారు చెప్పారు.

"పోయినసారి చెరువులో రొయ్యలు పట్టే రోజున, పట్టుబడి నాడు, వాన పడిందండీ. రొయ్యలూ ఐసూ వేసుకుని బయల్దేరితే బండి గట్టు మీదే కూర్చుంది. ట్రాక్టరొచ్చి లాగేసరికి సరుకంతా మెత్తబడిపోయింది. ఈసారీ అట్టాగే అయితే చెరువులు లీజుకిచ్చేద్దామని మా మామగారు తేల్చేశారు. కష్టపడి నేర్చుకున్న పనండీ. వదలబుద్ధి కావట్లేదు."

నాకు ఒక్కసారిగా హుషారు పుట్టుకొచ్చింది. మెకానిక్ బతికేది ఇలాంటి కేసు కోసమే.

"ఎత్తు పెరిగితే కూరుకుపోదని ఎవరు చెప్పారు?" అని కిరణ్‌ను అడిగాను.

"అందరూ అంటారండీ."

ఈ 'అందరూ' అనే సాక్షితో నాకు పాత వైరం. ఏ మూఢనమ్మకాన్ని నిలదీసినా మొదట ఆయనే బోనెక్కుతాడు. పేరు చెప్పడు, ఊరు చెప్పడు, ఎదురు ప్రశ్నకు నిలబడడు.

"సరే, కింద ఏది తగిలింది?"

"కింద తగిలిందండీ. కిందంటే కిందే కదా!"

ఇద్దరినీ బండి కింది పిట్‌లోకి దింపి లైటు వేశాను. చాసిస్ మీద చిమ్మిన బురద తప్ప గీత లేదు. వెనక చక్రాల మధ్య కుండలా వేలాడే డిఫరెన్షియల్ హౌసింగ్ మాత్రం పెయింటు లేచిపోయి మెరుస్తోంది. చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె అది. ట్రాక్టరు చక్రాల గాడుల మధ్య మిగిలే మట్టి దిమ్మ మీద కూర్చుండిపోయింది అదే.

"లిఫ్ట్ వేస్తే అదీ లేస్తుంది కదండీ?" అన్నాడు కిరణ్.

"వాదన దేనికి? చూద్దాం."

హౌసింగ్ కింద టేపు పెట్టి కొలిచాం. చాసిస్‌కు జాకీలు పెట్టి వెనక భాగాన్ని నాలుగంగుళాలు లేపాం. బాడీ ఠీవిగా లేచింది. చక్రాలు నేల మీదే ఉన్నాయి. మళ్లీ కొలిస్తే హౌసింగ్ వెంట్రుకవాసి కదల్లేదు! కిరణ్ నేల మీద పడుకుని టేపు తానే పట్టుకుని చూశాడు.

"ఇదేంటండీ, బండి లేచింది, ఇది లేవలేదు!"

సుజాత గారు పకపకా నవ్వారు. "గొడుగు పైకెత్తితే కాళ్లు తడవకుండా ఉంటాయా అబ్బాయ్?"

అంతకంటే బాగా నేనూ చెప్పలేను. స్ప్రింగులు హౌసింగ్‌కు పైన ఉంటాయి. దాన్ని లేపగలిగేది టైరు ఒక్కటే. పైగా లోడుతో, ఏటవాలు గట్టు మీద, అంత ఎత్తు చేసిన బండి చెరువులోకి ఒరిగే ప్రమాదం ఉంది. అందుకని ఒక సైజు పెద్ద మడ్ టెరైన్ టైర్లు ఎంచుకున్నాం. వాటి మీద పొడుచుకొచ్చిన రబ్బరు గుళ్ల మధ్య సందులు వెడల్పు, బురదను విదిలించేస్తాయి. తిప్పినప్పుడు ఆ టైరు మడ్‌గార్డుకు రాసుకోకుండా అంగుళమున్నర లిఫ్ట్. ఐసు బరువుకు వెనక కుంగకుండా అక్కడి స్ప్రింగు, అంటే కమాన్ కట్టలో ఒక ఉక్కు పట్టీ అదనం.

"అంగుళమున్నరేనా? ఫొటోలో కనపడదండీ," అన్నాడు కిరణ్ దిగులుగా.

"నీ ఫొటో రొయ్యలు చూస్తాయా?" అన్నారు వదిన. తర్వాత నావైపు తిరిగారు. "మీరు సిమెంటు నేల మీద చూపించారండీ. నా గట్టు మీద కూడా చూపించండి."

ఆ సవాలుకు నా ప్రాణం లేచివచ్చింది. బిగింపు పూర్తి కాగానే వాళ్ల చెరువుల దగ్గరికి వెళ్లాను. తెల్లవారుజామున వాన దంచింది. పట్టుబడి అంత బరువుకు మేత బస్తాలు ఎక్కించారు. గట్టు మొదట్లో కుర్చీ వేసుకుని మామగారు కూర్చున్నారు.

"పాస్టరు గారు ప్రార్థన చేశాక బండి కదుపుదాం," అన్నారాయన, నా వంక ఓరగా చూస్తూ. నేను దేన్నీ ఊరికే నమ్మనని ముందే విన్నట్టున్నారు.

"చేయించండి. టైర్లలో గాలి కూడా తగ్గించండి. రెండోది మాత్రం మానొద్దు."

పెద్దాయన ముసిముసిగా నవ్వారు.

కిరణ్ బండి కదిపాడు. తూము దగ్గరి మలుపులో వెనక చక్రం తిరిగి తిరిగి దిగబడింది. పెద్దాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. సుజాత గారి మొహం పాలిపోయింది. నేను పరుగెత్తి వెనక టైరు నొక్కి చూశాను. బండరాయి!

"గాలి తియ్యలేదా?"

"ముందువి తీశానండీ. వెనక లోడుంది కదా, గట్టిగా ఉండాలనీ..."

"అది రోడ్డు మీద మాట! బురదలో టైరు పరుచుకోవాలి."

గాలి తీశాం. టైరు పొట్ట మట్టి మీద వెడల్పుగా పరుచుకుంది. సుజాత గారు తలుపు తెరిచి, "నువ్వు దిగు కిరణ్," అని తానే ఎక్కారు. నాలుగు చక్రాలూ నెమ్మదిగా, బలంగా తిరిగే 'ఫోర్-లో' గేరు వేసి, తొందరపడకుండా క్లచ్ వదిలారు. గుళ్లు మట్టిని కరిచాయి. బండి గుంటలోంచి పైకొచ్చింది. హౌసింగ్ దిమ్మ మీద సన్నగా గీత గీసుకుంటూ దాటిపోయింది. ఒక చెప్పు బురదలో వదిలేసి, కేకలు వేస్తూ వెనకే పరుగెత్తాను. పక్కన కిరణ్ నాకంటే గట్టిగా అరుస్తున్నాడు.

పట్టుబడి రోజున మళ్లీ వానే. మధ్యాహ్నం సుజాత గారి ఫోను వచ్చింది. "ఏవండీ, ఐసు కరక్కముందే రోడ్డెక్కేశాం! గాలి మళ్లీ నింపిస్తున్నాం. మా మామగారు లీజు ఊసే ఎత్తట్లేదు. రెండో చెరువులో రొయ్య పిల్లలెప్పుడు వదులుతావని అడుగుతున్నారు."

ఎంత ఎత్తు కావాలని కస్టమర్లను అడగడం ఆ కేసుతో మానేశాను. ఎక్కడ ఆగారు, ఆగినప్పుడు నేలకు ఏది తగిలింది అని అడుగుతున్నాను. వీలైతే ఆ నేల మీదికే వెళుతున్నాను. 'అందరూ' చెప్పినదాన్ని నమ్మలేదు సరే, సుజాత గారు నా టేపును కూడా ఊరికే నమ్మలేదు. అంతటి అనుమానం ఉన్న మనిషి గుమ్మంలోకి వస్తే ఆ రోజు మా షాపులో పండగే.