జాసూసు సినిమాకు పోయిన ఆదివారం

నేను మాట్లాడింది మాట్లాడినట్టు రాస్తే బయటివాళ్లకు అర్థం కాదంటున్నావు కదా బిడ్డా, సరే. నేను చెప్పేది నీ బడి తెలుగులోకి మార్చుకుంటూ రాయి. ఎవరెవరు ఏమన్నారో ఆ మాటలు మాత్రం ముట్టుకోకు. అవి మారిస్తే మీ బాపు మీ బాపులా ఉండడు, టీవీలో వార్తలు చదివేవాడిలా ఉంటాడు.

అప్పుడు నువ్వు చిన్నదానివి, ఎక్కడ కూర్చోబెడితే అక్కడ నిద్రపోయేదానివి. మీ బాపు దుబాయి నుంచి తిరిగొచ్చి మళ్లీ సిరిసిల్లలో సాంచాల మీద పనిలోకి దిగాడు. మరమగ్గాన్ని మనం సాంచె అంటామని రాయి, తెలియనివాళ్లు ఉంటారు. దుబాయిలో ఉండగానే మీ తాత పోయాడు. పాస్‌పోర్టు అక్కడి సేటు దాచిపెట్టుకున్నాడు, ఇవ్వలేదు. తండ్రికి కొడుకు కొరివి పెట్టలేకపోయాడు. ఫోనులో చూశాడు. గడువు తీరి వచ్చిన రోజే నన్నూ మీ అమ్మనూ కొండగట్టుకు తీసుకుపోయి, అంజన్న ముందు కన్నతల్లినైన నా తల మీద చెయ్యి పెట్టి, "ఇగ పోనవ్వా" అన్నాడు. అందుకే నేను నిశ్చింతగా ఉన్నాను.

ఇక సినిమా సంగతి. ఆ జాసూసు సినిమా, అదే గూఢచారి సినిమా, మొదటి భాగంలో చివరికి హీరోను శత్రువులు నేల కింద ఇనుప గదిలో వేసి తలుపు మూసేశారు. అక్కడితో ఆపేశారు. మన కార్ఖానాలో పనిచేసేవాళ్లకు అప్పటినుంచి అదే ఫికరు. ఒకడు సొరంగం తవ్వుతాడంటాడు, ఇంకొకడు కాపలావాడి బిడ్డ తాళం తీస్తుందంటాడు. రెండో భాగం వచ్చిందని తెలియగానే మీ బాపు, "అవ్వా, అందరం పోదాం, కరీంనగర్ల పెద్ద తెర మీద చూద్దాం" అన్నాడు. పెళ్లయినప్పటినుంచి మీ అమ్మను సినిమాకు తీసుకుపోని మనిషి. మీ అమ్మ పెళ్లికి పోతున్నట్టు తయారైంది.

హాలు కిక్కిరిసి ఉంది. మూడు సీట్లు ఒకచోట దొరకలేదు. నేనూ మీ అమ్మా బాల్కనీలో వరుస నడుమ ఇరుక్కున్నాం, నువ్వు నా ఒళ్లో. మీ బాపు మాకంటే కింద, తలుపు దగ్గర. ముందు సీటు నా మోకాళ్లకు తగులుతోంది. అటు ఆరుగురు, ఇటు ఏడుగురు. లేవాలంటే అందరూ లేవాలి.

సినిమా మొదలైందో లేదో, హీరో రొట్టెలు మోసే బండిలో దాక్కుని ఇనుప గది నుంచి బయటపడ్డాడు. కాగితం ముక్కలు గాల్లోకి లేచాయి, ఈలలు. మా ముందు కూర్చున్న ఒకాయన మాత్రం చేతులు కట్టుకున్నాడు.

"గింత అల్కగ వచ్చెటోడు గన్ని దినాలు మనల్నెందుకు పరేషాన్ చేసిండు?"

"రొట్టెల బండి ఇప్పుడే వచ్చిందట," అన్నాడు పక్కవాడు.

"ఇంతసేపు పిండి పిసుకుతుండెనా?"

మా వెనక ఒక ఆడమనిషి వాళ్లత్తకు కథ మొత్తం చెబుతోంది. తెర మీద జరగకముందే చెబుతోంది. "గీడు మంచోని లెక్కనే ఉంటడు అత్తా, చూడు, ఇగ మోసం చేస్తడు." ఆ అత్త, "నువ్వు ముందే చెప్తె నేనేం చూడాలె," అని విసుక్కుంటోంది. మీ అమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో పెట్టుకుంది. పెళ్లయిన కొత్తలో అట్లా నవ్వేది, మళ్లీ అప్పుడే చూశాను.

ఇంటర్వెల్‌లో దీపాలు వేశారు. ప్రకటనల మోత, సమోసాలవాళ్ల అరుపులు, పిల్లల ఏడుపులు, ఒకరి మాట ఒకరికి వినబడటం లేదు. కింద తలుపు దగ్గర మీ బాపు నిలబడి ఉన్నాడు. ఎదురుగా ఒకాయన. చూడగానే గుర్తుపట్టాను. ఒకప్పుడు మీ బాపుతో ఒకే కార్ఖానాలో సాంచాలు నడిపినవాడు, ఇప్పుడు మనుషులను గల్ఫుకు పంపే ఏజెంటు.

కార్ఖానాలో సాంచాల చప్పుడు ఎట్లా ఉంటుందో నీకు తెలుసు. అక్కడ అరిచి లాభం లేదు. అందుకని పెదవులు సాగదీసి, వేళ్లతో చూపించి మాట్లాడుకుంటాం. అలవాటైతే గొంతుతో పనే ఉండదు. పెళ్లి బ్యాండు దగ్గరైనా, జాతరలోనైనా, మోత ఎక్కువైతే మనవాళ్ల నోరు దానంతట అదే ఆ పద్ధతిలోకి పోతుంది. వాళ్లిద్దరూ అట్లాగే మాట్లాడుకుంటున్నారు. దొంగచాటుగా కూడా కాదు, వెలుగులో, నిమ్మళంగా. పైన బాల్కనీలో కూర్చున్న నేను నూలు కండెలు చుట్టి చుట్టి ఆ కార్ఖానాలోనే ముసలిదాన్నయ్యానని ఇద్దరికీ గుర్తులేదు.

ఏజెంటు పెదవులు చెప్పాయి: "శుక్రారం. బొంబాయి దాక బస్సు. ఆడికెల్లి విమానం."

మీ బాపు: "ఇంట్ల చెప్పలే."

"పోయినంక ఫోన్ల చెప్పు. ఇప్పుడు చెప్తె ఏడుస్తరు, పోనియ్యరు."

మీ బాపు తల ఊపాడు.

లేవబోయాను. నువ్వు ఒళ్లో బరువుగా నిద్రపోతున్నావు. పక్కవాళ్ల కాళ్ల మీద సంచులు, చేతుల్లో సమోసాలు. "జర జరుగు బిడ్డా" అన్నాను. పక్క పిల్ల, "గిప్పుడా పెద్దమ్మా, దీపాలు తీస్తున్నరు," అంది. తీసేశారు.

రెండో సగం నేను చూశానని చెప్పలేను. చెప్తే మీ అమ్మ అక్కడే కూలబడుతుంది, అంతమంది నడుమ. చెప్పకపోతే శుక్రవారం పొద్దున లేచి చూస్తే మనిషి ఉండడు. మీ అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"అత్తమ్మా, చెమటలు పడుతున్నయేంది?"

"ఉక్కపోస్తుంది."

"నీళ్లు తాగు. చూడు చూడు, వాళ్లమ్మ దగ్గరికి వచ్చిండు."

తెర మీద హీరో తల్లి దగ్గరికి వచ్చి, ఎక్కడికి పోతున్నదీ చెప్పకుండా కాళ్లు మొక్కి పోతున్నాడు. హాలంతా ముక్కులు చీదుతోంది. మా వెనక అత్త కూడా ఏడుస్తోంది, "దేశం కోసమమ్మా, ఏం చేస్తడు పాపం," అని. రొట్టెల బండిని వెక్కిరించిన ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. మీ అమ్మ సరేసరి. నాకు ఒక్క చుక్క రాలేదు. ఆ తల్లి చెయ్యి పట్టి ఎందుకు ఆపదు, ఎక్కడికని ఎందుకు అడగదు అని ఒకటే కోపం.

తరువాత ఓడలు పేలాయి. తెర తెల్లగా వెలిగింది, హాలంతా పగలైంది. మాకు నచ్చుతోందా లేదా అని మీ బాపు వెనక్కు తిరిగి పైకి చూశాడు, నవ్వుతూ. నేను పెదవులు సాగదీసి అడిగాను: "శుక్రారమా?"

నవ్వు అట్లాగే ముఖం మీద ఉండిపోయింది. చీకటైంది. మళ్లీ పేలింది. మీ బాపు ఇంకా నన్నే చూస్తున్నాడు.

"ఇంటికి పోయినంక మాట్లాడుదాం అవ్వా."

"నాతోని కాదు. ఆమెతోని. బస్సులనే చెప్పు."

మీ అమ్మది లక్సెట్టిపేట దిక్కు, వ్యవసాయం ఇల్లు. సాంచాల మాట ఆమెకు రాదు. మా ఇద్దరి నడుమ ఏం జరిగిందో తెలియదు. "ఆయనకు మస్తు నచ్చినట్టుంది, మాటిమాటికి మన దిక్కు చూస్తుండు," అంది.

సినిమా అయిపోయింది. బస్టాండు దాకా జనం అదే ముచ్చట. మొదటిదే బాగుందని ఒకడు, ఫైట్లు బాగున్నాయి కథ లేదని ఒకడు. సిరిసిల్ల బస్సులో మీ బాపు మీ అమ్మ పక్కన కూర్చున్నాడు, నేను వెనక సీట్లో నిన్ను ఎత్తుకుని. వేములవాడ దాటేదాకా ఫైట్ల ముచ్చటే చెప్పాడు. నేను ముందు సీటు కడ్డీ మీద వేలితో కొట్టాను. అప్పుడు చెప్పాడు. మస్కట్ అని, శుక్రవారమని. మీ అమ్మ ఆయన వైపు తిరిగింది.

"పొద్దటిసంది అనుకుంటనే ఉన్న. ఎన్నడు లేంది సినిమాకు ఎందుకు తీస్కపోతుండని."

"సంతోషంగ ఉంటవని..."

"సంతోషపెట్టి పోదామనుకున్నవా?"

"ఆ."

"సంతోషపడ్డ. ఇగ పోకు."

"సాంచాలు వారంల మూడొద్దులు నడుస్తలేవు. ఆర్డర్లు లేవు. ఇక్కడుండి ఏం చెయ్యాలె చెప్పు."

కొండగట్టు మాట నేను ఎత్తలేదు. ఎత్తితే ఆగేవాడు, ఆగి ఏం తినేవాడో నాకే తెలియదు. మీ అమ్మ వెనక్కు తిరిగి నిన్ను నా దగ్గరనుంచి తీసుకుని మీ బాపు ఒళ్లో పడుకోబెట్టింది. సిరిసిల్ల దాకా ఆయన కదల్లేదు.

శుక్రవారం పోలేదు. ఏజెంటు ఆ జాగాలో ఇంకొకరిని పంపాడు. బతుకమ్మ పండుగ కాగానే కార్ఖానా మొత్తానికే మూతపడింది, అప్పుడు పోయాడు. ఈసారి పది రోజుల ముందే చెప్పాడు, పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంటుందో మీ అమ్మ ఏజెంటును నాలుగుసార్లు అడిగించింది, బొంబాయి బస్సు దాకా మేం ముగ్గురం పోయాం. చెప్పిపోయినా ఇల్లు చిన్నబోయింది.

ఆ సినిమాకు మూడో భాగం కూడా వచ్చిందటగా. మొన్న మీ మేనమామ వచ్చి, "అక్కా, టికెట్లు తెస్త, అందరం పోదాం," అంటే, మీ అమ్మ చాటలో బియ్యం ఏరుతున్నది ఆపి వాడి ముఖంలోకి చూసింది.

"నువ్వెక్కడికి పోతున్నవ్‌రా?" అని అడిగింది.