రెండు గంటలకోసారి పక్క మార్చాలి: ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల దారిలో ఒక నర్సు

ఓబులమ్మ అనే నలభై ఏళ్ల మనిషి మా వార్డులో చనిపోయింది. కలమల్ల దగ్గర పల్లె ఆమెది. శనక్కాయల బండి మీంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకుని వచ్చింది. ఎముక బాగానే అతుక్కుంటూ వచ్చింది కానీ, వారాల తరబడి వెల్లకిలా ఒకే తీరున పడి ఉండడంతో నడుం కింద తోలు చితికి పుండైంది. ఆ పుండు లోపలికి దిగి, జ్వరం పట్టుకుని, దాంతోనే పోయింది. దాన్ని మేము పడకపుండు అంటాం. కాగితం మీద మాత్రం ‘గుండె ఆగి మరణం’ అని రాశారు. గుండె ఆగకుండా పోయేవాళ్లు ఎవరు?

ఆ రోజు నుంచి నేను ఒక నోటుపుస్తకం పెట్టాను. మా నాన్న ఖాజీపేటలో బడిపంతులు. ఏ మాటైనా రాసి చూపించనిదే నమ్మేవాడు కాదు. ఆ అలవాటు నాకూ వచ్చింది. మొదట కొన్ని నెలలు ఎవరి మంచం మీద ఎవరికి తోలు ఎర్రబడింది, ఎన్నో రోజున, ఎక్కడ అన్నది ఊరికే రాస్తూ పోయాను. తర్వాత ఆయా సాయంతో, కదల్లేని ప్రతి మనిషినీ రెండు గంటలకోసారి పక్క మారుస్తూ అదే తీరున రాశాను. మొదటి నెలల పేజీలు ఎర్ర సిరా గుర్తులతో నిండిపోయి ఉంటే, తర్వాతి నెలల్లో వాటిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మందు మారలేదు. డాక్టరు మారలేదు. మారింది మేము తిప్పడం ఒక్కటే.

పుస్తకం తీసుకెళ్లి పెద్దడాక్టరు ముందు పెట్టాను. నేను పనిచేసే ఆసుపత్రి పేరు ఇక్కడ రాయను, ఉద్యోగం కావాలి కనుక. ఆయన రెండు పేజీలు తిప్పి మూసేశాడు. “సుగుణా, నర్సు పని చెప్పింది చేయడం, కనిపెట్టడం కాదు. ఒక్క వార్డులో జరిగినదాన్ని పరిశోధన అంటే నవ్వుతారు. తక్కిన ఊళ్లలో ఏం జరుగుతోందో నీకు తెలుసా?” అన్నాడు. తెలియదని ఒప్పుకున్నాను. ఒళ్లు మండిపోయింది కానీ ఆ ప్రశ్న మాత్రం న్యాయమైనదే. అందుకని నిరుటి వేసవిలో, ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక వచ్చిన మొదటి ఎండాకాలంలో, రెండు రోజులు సెలవు పెట్టి మూడు ఊళ్లు తిరిగి రావడానికి బయల్దేరాను. నాలాగా వెళ్లి చూడాలనుకునే నర్సులకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

కడపలో పొద్దున ఆరుగంటల బస్సు పట్టుకుంటే చెన్నూరు దగ్గర పెన్న దాటి, ఖాజీపేట, మైదుకూరు మీదుగా ఎనిమిదిన్నరకల్లా ప్రొద్దుటూరు చేరవచ్చు. టికెట్టు రూపాయికి కాస్త పైన. కొత్త పైసలు వచ్చిన రోజులవి. కండక్టరు అణాల్లో అడిగి పైసల్లో చిల్లర ఇచ్చేవాడు, బస్సంతా దాని మీదే రగడ. ప్రొద్దుటూరులో దిగి బస్టాండు పక్కనే ఉగ్గాని, బజ్జీ తిని, బట్టలబజారు వెనక సందులో ఉన్న రాజమ్మ సిస్టరు ఇంటికి నడిచాను. నేను శిక్షణలో ఉన్నప్పుడు ఆమె మాకు పడకలు వేయడం నేర్పింది. ఇప్పుడు ఉద్యోగం విరమించి ఇంటి దగ్గరే కాన్పులు చూస్తోంది.

నా పుస్తకాన్ని కళ్లజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చివరి దాకా చదివింది. “ఇదంతా నాకు తెలుసు సుగుణా. శానా ఏండ్లుగా తెలుసు,” అంది.

“మరి ఎక్కడా రాయలేదేం సిస్టర్?”

“రాసేదానికి టైము యాడుంది? రాసినా ఎవురు సూస్తారు? మందు ఇయ్యకుంటే మెమో ఇస్తారు. మనిషిని తిప్పకుంటే అడిగేవోడు ల్యా.” లేచి వెళ్లి లోపలి నుంచి చిన్న చిన్న దిండ్లు నాలుగు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. “దూదివి పెట్టి సూసినా. రెండు దినాలకు గడ్డ కట్టి వేడెక్కుతాయి. ఇవి కొర్రపొట్టు దిండ్లు. చల్లగుంటాయి, ఒంటికి తగినట్ల సర్దుకుంటాయి. మడమల కింద పెట్టు, నడుం పక్కన పెట్టు.”

పత్తి మిల్లులున్న ఊళ్లో కూర్చుని, దూది పనికిరాదని కనిపెట్టిన మనిషి ఆమె. ఒకటి పెట్టి, పోల్చి, తీసేసి, మరొకటి పెట్టి చూసింది. ఇది పరిశోధన కాకపోతే మరేమిటి? కానీ ఆ సంగతి ఆమె చేతుల్లో తప్ప ఎక్కడా లేదు. ఆమెతో పనిచేసిన డాక్టర్లలో ఒక్కరు ఒక్కసారి అడిగి ఉంటే, ఓబులమ్మ మడమల కింద, నడుం పక్కన ఈ దిండ్లు ఉండేవి. నేను కూర్చుని ఆమె చెప్పిందంతా రాసుకున్నాను. సంతకం పెట్టమంటే “నా సంతకం యాందుకు” అని సిగ్గుపడింది. పెట్టేదాకా నేను కదల్లేదు.

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు గంట దారి. పదకొండున్నరకు దిగేసరికి ఎండ నెత్తి మాడ్చేస్తోంది. అక్కడ నేను వెతుక్కుంటూ వెళ్లింది దస్తగిరి ఇల్లు. నాపరాళ్ల గనిలో పనిచేస్తుంటే రాయి జారి మీద పడి నడుం విరిగినవాడు. కాళ్లు చచ్చుబడ్డాయి. మా ఆసుపత్రిలో నెలన్నర ఉంచుకుని, “ఇంకేం లాభం లేదు, ఇంటికి తీసుకెళ్లు” అని పంపేశారు. వెళ్లే ముందు అతని భార్య ఖాసింబీకి, రెండు గంటలకోసారి ఎలా పక్క మార్చాలో వరండాలో నిలబడి చూపించాను. అది జరిగి ఏడు నెలలు. అతను బతికి ఉంటాడన్న నమ్మకం నాకు లేదు. సందులో వాళ్ల ఇల్లు అడగడానికి కూడా నోరు రాలేదు.

బతికే ఉన్నాడు. పంచలో మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని జనుముతో తాడు పేనుతున్నాడు. నన్ను చూసి, “ఏంది నర్సమ్మా, సచ్చినానో లేదో సూసిపోదామని వచ్చినావా?” అని పెద్దగా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు, కళ్లలో నీళ్లు వచ్చాయి. చొక్కా ఎత్తి వీపు చూశాను, నడుం చూశాను, మడమలు చూశాను. తోలు ఎక్కడా చెదరలేదు. మా ఆసుపత్రిలో ఏ మంచం మీదా నేను అలాంటి వీపు చూడలేదు.

“రెండు గంటలు అయినట్టు ఎలా తెలిసేది? ఇంట్లో గడియారం లేదు కదా,” అని ఖాసింబీని అడిగాను.

“గడియారం యాడిదమ్మా! పగలు నీడ సూసి తిప్పుతా. రాత్రి మెలకువ వచ్చినప్పుడంతా తిప్పుతా.” గుంజకు వేలాడుతున్న ఒక పురికోసను తెచ్చి చూపించింది. దాని నిండా ముడులు. “తిప్పినప్పుడంతా ఒక ముడి ఏస్తి. మరిసిపోకూడదని.” ఒకచోట ముడికి ఎర్రగుడ్డ పీలిక కట్టి ఉంది. అదేమిటని అడిగితే గొంతు తగ్గించింది. “ఆ దినం నాకు జొరం. లేసేదానికి కాలే. పగలంతా తిప్పల్యా. సాయంత్రానికి ఈడ తొంటి మీద ఎర్రగయింది. శానా భయమాయ. అందుకే గుడ్డ కట్టి పెట్టినా, మళ్లా అట్ల కాకూడదని.”

చదువు రాని మనిషి, ఎవరూ అడగకుండా, ఏం చేసిందో, చేయని రోజున ఏమైందో గుర్తు పెట్టుకుంది. మా ఆసుపత్రిలో దుప్పట్లకు రిజిస్టరు ఉంది, స్పిరిటుకు ఉంది, థర్మామీటర్లు పగిలితే రాయడానికి ఉంది. మనిషిని తిప్పామా లేదా అని రాయడానికి ఒక్క గడి లేదు. పైగా ‘లాభం లేదు’ అని పంపేసిన మనిషి ఇక్కడ తాళ్లు పేని అమ్ముకుంటున్నాడు. ఖాసింబీ పెట్టిన జొన్నరొట్టె, ఊరుబిండి పచ్చడి తిన్నాను గానీ, ముద్ద ముద్దకూ కోపమే నమిలాను.

జమ్మలమడుగు నుంచి పులివెందులకు నేరుగా బస్సు దొరకలేదు. ఒంటిగంట బస్సులో ముద్దనూరు దాకా వెళ్లి, అక్కడ గంటసేపు కాచుకుని మరో బస్సు ఎక్కాలి. ముద్దనూరులోనే కుండలో మంచినీళ్లు పట్టుకోండి, తర్వాత దారిలో దొరకవు. డ్రైవరు నా తెల్లచీర చూసి, “యాడికి పోతాండావమ్మా ఈ ఎండలో? ఎవురికన్నా బాగల్యా?” అన్నాడు. ఆసుపత్రి మంచాలు చూడడానికి వెళ్తున్నానంటే, “మంచాలు సూసేదానికి దుడ్లు పెట్టి పోతారా! ఆ మంచం మీద పండుకున్నోళ్లను అడుగమ్మా, వాళ్లు సెప్తారు,” అన్నాడు. ఆ సలహా పెద్దడాక్టరు చెప్పిన దానికంటే మేలైనది.

నాలుగున్నరకు పులివెందులలో దిగాను. అక్కడికి దగ్గరలోని ఒక ఆసుపత్రిలో నాతో కలిసి చదివిన కమల నర్సుగా ఉంది. ఆ ఆసుపత్రి పేరూ అనవసరం. ఆడవాళ్ల వార్డులోకి అడుగుపెట్టగానే కిటికీ దగ్గర మంచం తలాపున గోడకు అంటించిన కాగితం కనిపించింది. డాక్టరు చేతిరాత. ‘రెండు గంటలకొకసారి పక్క మార్చవలెను. తప్పరాదు.’ చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్లకు రాసిపెట్టిన డాక్టరు ఒకడు దొరికాడు! ఆ మంచం మీద ఉన్నది నాగమ్మ అనే పెద్దావిడ. చుట్టుపక్కల పలుకుబడి ఉన్న భూస్వాముల ఇంటి తల్లి. పక్షవాతం. తోలు మచ్చుకైనా చెదరలేదు.

“అందరికీ ఇలాగే రాశారా?” అన్నాను సంతోషంగా. కమల పక్క మంచం వైపు చూపించింది.

పక్క మంచం మీద సుంకులమ్మ ఉంది. బావి తవ్వకంలో కాలు విరిగిన కూలిమనిషి. ఆమె తలాపున కాగితం లేదు. దుప్పటి తీస్తే వాసన. నడుం కింద అరచెయ్యంత పుండు. రెండు మంచాల మధ్య ఒక మనిషి నిలబడేంత సందు. అటు తిప్పిన ఆయా ఇటు తిరిగితే చాలు.

ఇన్నాళ్లూ డాక్టర్లకు తెలియదనుకున్నాను. తెలియజెప్పాలనే పుస్తకం రాశాను. వీళ్లకు తెలుసు. ఎవరి కోసం గుర్తు పెట్టుకోవాలో కూడా తెలుసు. అప్పుడు వచ్చినంత కోపం నాకు ఓబులమ్మ పోయిన రోజున కూడా రాలేదు. నేనూ కమలా సుంకులమ్మను పక్కకు తిప్పుతుండగా డాక్టరు వచ్చాడు.

“ఎవరు మీరు? ఎవరి అనుమతితో ముట్టుకుంటున్నారు?”

“నర్సునండీ. మీ కాగితం చదివి చేస్తున్నాను.”

“అది ఆ పేషెంటుకు రాసింది. ఆమె ఎవరో తెలుసా?”

“తెలుసు. ఈమె ఎవరో కూడా తెలుసు. రెండు వీపులకూ ఉన్నది ఒకే తోలు. ఆ కాగితం ఆమెకు పనిచేస్తే ఈమెకు ఎందుకు రాయలేదో చెప్పండి. నా పుస్తకంలో రాసుకుంటాను.” పెన్ను తీసి నిజంగానే నిలబడ్డాను.

ఆయన నోరు తెరిచేలోపు నాగమ్మ మాట్లాడింది. పక్షవాతంతో మాట ముద్దగా వస్తోంది, అయినా అందరికీ తెలిసింది. “నాయనా, ఆయమ్మ రాత్రంతా మూలుగుతాంటే నాకు నిద్ర ల్యా. ఎందుకో అనుకుంటి. నన్ను తిప్పినప్పుడంతా ఆయమ్మను తిప్పండి. లేకుంటే నన్నూ తిప్పాకండి.”

డాక్టరు ముఖం ఎర్రబడింది. జేబులోంచి పెన్ను తీసి మరో కాగితం రాశాడు. సుంకులమ్మ మంచం తలాపున దాన్ని అంటించింది నేనే.

మర్నాడు పొద్దున వేంపల్లె మీదుగా కడప చేరాను. అక్కడి డాక్టరు ఫిర్యాదు మీద వారానికల్లా పెద్దడాక్టరు నుంచి మెమో వచ్చింది, సెలవులో ఉండి వేరే ఆసుపత్రి పనిలో తలదూర్చినందుకు సంజాయిషీ ఇమ్మని. ఇచ్చాను. రాజమ్మ సిస్టరు చెప్పిన మాటలు, ఖాసింబీ ముడులు, పులివెందుల వైపు చూసిన రెండు మంచాలు, అన్నీ కలిపి ఇరవై పేజీల సంజాయిషీ. ఆయన ఈనాటికీ జవాబివ్వలేదు. కానీ మా నర్సులందరికీ పెద్ద అయిన మేట్రన్ దాన్ని చదివింది. మా వార్డు రిజిస్టరులో ‘పక్క మార్చిన వేళ’ అని కొత్త గడి గీయించింది. కమల ఉత్తరం రాసింది. సుంకులమ్మ పుండు మానింది, కానీ అందుకు ఆమె మూడు నెలలు అదనంగా మంచాన ఉండాల్సి వచ్చింది. ఆ ఏడు విత్తనాల కాలం కూలి అంతా పోయింది. మానింది కదా అని నన్ను సంతోషించమంటారు కొందరు. రాకుండా ఆపగలిగిన పుండు మానినందుకు ఎంత సంతోషించాలో నాకు తెలియడం లేదు. నర్సుకు పరిశోధన ఎందుకని అడిగేవాళ్లకు నా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే. రోజంతా రోగి ఒంటి మీద చెయ్యి ఉండేది మాది. ఆ చేతికి తెలిసింది రాయకపోతే అది మాతోనే పోతుంది. రాస్తే, ఎవరికి చేశారు, ఎవరికి చేయలేదు అన్నది కూడా బయటపడుతుంది. మమ్మల్ని రాయొద్దనడానికి అసలు కారణం అదేనేమో అనిపిస్తుంది.

మీరూ ఇలా వెళ్లేటట్టయితే ఒక్క మాట. ఏ ఆసుపత్రికైనా పొద్దున వెళ్లకండి. రౌండ్ల కోసం అప్పుడు దుప్పట్లన్నీ తెల్లగా పరిచి ఉంటాయి. సాయంత్రం నాలుగు దాటాక వెళ్లి, ఎవరూ చూడడానికి రాని మనిషి మంచం ఏదో అడిగి, ముందు ఆ దుప్పటి ఎత్తి చూడండి.