రంగనాయకత్త పత్రికలు పంచిన దారి

తమ్ముడి పెళ్ళి పత్రికల మూలలకు పసుపు రాస్తున్నాను. తడి పసుపు వాసన తగిలిందో లేదో, మా ఎదురింటి రంగనాయకత్త వచ్చి పక్కన కూర్చున్నట్టే అయింది. పత్రిక అచ్చయింది తమిళంలో, పిలుపు మాత్రం తెలుగులోనే. తమిళుల నడుమ ఉన్న రెడ్డియార్‌పాళయంలో మా తెలుగిళ్ళన్నీ ఇంతే, మాట వచ్చు, రాత రాదు. నేను ఈ అక్షరాలు నేర్చుకున్నదీ పెద్దయ్యాకే. అత్త మాకు చుట్టం కాదు. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పేది. నోరు కాస్త కారమే గానీ, ఆమె గడప తొక్కినవాళ్ళెవరూ కాఫీ తాగకుండా వెనక్కి రాలేదు.

నా చదువు చివరికొచ్చేసరికి డేటా స్ట్రక్చర్స్ పేపరు ఒక్కటి తప్పి అరియర్‌గా మిగిలిపోయింది. సేదరపేట్‌లో ఒక కంపెనీ ఉద్యోగం ఇస్తామంది, ఆ పేపరు ఈసారి గట్టెక్కితేనే. నన్ను ముంచింది అందులోని ట్రీ పాఠం. పైన ఒక మొదలు, దాని కింద కొమ్మలు, వాటి కింద మళ్ళీ కొమ్మలు. ఒక్కటీ వదలకుండా అన్నిటినీ చూసి రావాలి. ఒక కొమ్మ చివరిదాకా దిగేదాన్ని, అక్కడినుంచి ఎటు పోవాలో తోచక తెల్లమొహం వేసేదాన్ని. ఇక నావల్ల కాదని అత్త దగ్గర ఏడ్చేశాను.

"ఏడిస్తే పాసవుతావా? రేపు మా పాప పెళ్ళికి పిలవను పోతాండా. బండెక్కు."

"పరీక్ష ఉంది గదత్తా."

"దానికే రమ్మంటాండా."

ముందు వాళ్ళ వంశానికి పెద్దయిన తాత ఇంటికి వెళ్ళాం. తర్వాత ఆయన పెద్దకొడుకు ఇల్లు, ఆపైన ఆ కొడుకు పిల్లల ఇళ్ళు. వాళ్ళలో ఆఖరివాడు గోరిమేడులో ఆసుపత్రి దగ్గర ఉండేవాడు. వాడి పక్కిల్లే తాత రెండోకొడుకు కూతురిది. ఎలాగూ వచ్చాం, ఇచ్చేసి పోదామన్నాను.

"వాళ్ళ నాయన్ని పిలవక ముందు కూతుర్ని పిలిస్తే ఇంకేమన్నా ఉందా? పెళ్ళిరోజు దాకా మూతి ముడుచుకోనుంటాడు."

"మళ్ళీ ఇంత దూరం రావాలి గదత్తా."

"వస్తాం. ఇప్పుడు యాడికి పోవాలో చెప్పు."

నాకు చుట్టాల చిట్టా అంతా తలలో గిర్రున తిరిగింది. అత్త బండి ఆపేసింది.

"అంతా యాడ మోస్తావు పాపా. యాడనుంచి వచ్చినామో ఆ ఇంటిని తలుచుకో. వాళ్ళ పిల్లల్లో ఎవరన్నా మిగిలినారా? లేకపోతే దాని పైఇల్లు. అంతే."

పెద్దకొడుకు పిల్లలు అయిపోయారు. ఆ పైన తాత. తాతకు ఇంకో కొడుకు ఉన్నాడు. "రెండోకొడుకు ఇంటికి," అన్నాను. అత్త బండి తిప్పింది. ట్రీలో నేను ఆగిపోయేది సరిగ్గా ఇక్కడే.

పెళ్ళి భోజనాల దగ్గర తాత ఎంత చెప్పినా ఆకు ముందు కూర్చోలేదు. పెద్దకొడుకు పిల్లలు తిన్నారా అన్నాడు, తర్వాత ఆ కొడుకు; రెండోకొడుకు పిల్లలు, తర్వాత ఆ కొడుకు. అందరూ తిన్నాకే కూర్చున్నాడు. అత్త సాంబారు బకెట్టుతో నా పక్కనుంచి పోతూ, "పిలుపు పైనుంచి కిందికి, కూడు కిందనుంచి పైకి. చెట్టు ఒకటే, నడక వేరే," అంది. పుస్తకంలో ప్రీఆర్డర్, పోస్టార్డర్ అని భయపెట్టినవి ఈ రెండే.

పేపరు పాసయ్యానని చెప్పడానికి పరుగెత్తితే, "సెరి, కాఫీ తాగు. మొదటిరోజే పనికి ఆలస్యంగా పోబాక," అంది. ఆ ఉద్యోగమే ఇవాళ మా ఇంటిని నిలబెట్టింది. పనిలో చిక్కుపడ్డప్పుడే కాదు, బతుకులో దారి తోచనప్పుడూ యాడనుంచి వచ్చినానా అని వెనక్కి చూసుకుంటాను. అత్త పోయిన ఏడాది కన్నుమూసింది. ఆమె రుణం నాకు తీరేది కాదు.

పసుపు ఆరకముందే మొదటి పత్రిక తీసుకుని ఎదురింటికి వెళ్ళాను. తలుపు తీసిన మామ పత్రిక చూసి కంగారుపడ్డాడు.

"ఏంది పాపా ఇది? మీ పెద్దనాయన ఇంటికి పోయినావా ముందు?"

"లేదు మామా. మొదలు ఇక్కడే," అన్నాను.